‘టైమింగ్ ఎనేబుల్’ అంటే ‘ప్రారంభించు’ అనొచ్చా?

అమలాపురం: మా ఇంజనీరింగ్ పిల్లల కోసం ఒక లైబ్రరీ (ప్రోగ్రాముల్లో వాడుకునే రెడీమేడ్ కోడ్) వాడకం వివరాల్ని తెలుగులో రాస్తున్నామండి. ఏ ఫంక్షన్ (ఒక్కో పని చేసే కోడ్ ముక్క) ఎంతసేపు నడిచిందో కొలిచే సదుపాయం అందులో ఉంది గానీ, బిల్డ్ చేసేటప్పుడు, అంటే కోడ్ నుంచి లైబ్రరీని తయారుచేసేటప్పుడు, ఒక ఆప్షన్ ఇస్తేనే వస్తుంది. ‘సమయ కొలతను ప్రారంభించండి’ అని రాశాం. చదివిన కుర్రాడొకడు ‘మరి ఎప్పుడు ఆపాలండీ?’ అన్నాడు. ఏమంటే బాగుంటుంది?

తణుకు: కుర్రాడి తప్పేం లేదు. ఫోన్ మెనూల్లో ఎనేబుల్ కనపడ్డ చోటల్లా ‘ప్రారంభించు’ అని పెట్టేసి మన ప్రాణం తీశారు. ప్రారంభించు అంటే ఆ క్షణం నుంచే గడియారం నడవాలి. ఇక్కడ సంగతి వేరండి. ఫంక్షన్‌లోకి వెళ్లేటప్పుడోసారి, బయటికొచ్చేటప్పుడోసారి టైము చూసి తేడా రాసుకునే వరుసలు కోడ్‌లో ఉంటాయి. ఆప్షన్ ఇవ్వలేదనుకోండి, కోడ్‌ని యంత్రభాషలోకి మార్చే కంపైలర్ దాకా కూడా రావవి. తయారైన లైబ్రరీలో వాటి జాడే ఉండదు. ధవళేశ్వరంలో నీళ్లు 11.75 అడుగులకొస్తే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు కదా. అక్కడ గేజీ పాతడం ఒక పని, అది చూసి రాసుకోవడం ఇంకో పని. మీ ఆప్షన్ గేజీ పాతేది. ‘టైము కొలిచే ఏర్పాటుతో బిల్డ్ చేయండి’ అనండి, చాలు.

భీమవరం: ‘గడియ పెట్టండి’ అంటే? గడియంటే 24 నిమిషాలు, పాత లెక్కే కదా.

తణుకు: ఆయ్, పెట్టమంటే లేచెళ్లి తలుపేసొస్తారు. పైగా ఇక్కడ కొలిచేది నానోసెకన్లు, సెకనులో వందకోట్లో వంతులు!

రాజోలు: అంత మంచి ఏర్పాటైతే ఎప్పుడూ ఉంచేయొచ్చు కదండీ, ఈ ఆప్షన్ గోలెందుకు?

తణుకు: టైము చూడ్డానికీ టైము పడుతుందండి. ఒక్కో చూపుకి 25 నానోసెకన్లే అనుకుందాం. పిలుపుకి రెండు చూపులు. లూపులో కోటిసార్లు పిలిచే బుల్లి ఫంక్షన్‌కి అర సెకను దీనికే పోయింది. అసలు పని అంతకంటే తక్కువైతే, మీరు కొలిచింది కొలతనే! పెద్ద ఫంక్షన్లకైతే ఆ ఖర్చు లెక్కలోకి రాదు.

ఇంకోటి, తేదీ చూపించే మామూలు గడియారాన్ని వాడకూడదు. నెట్‌వర్క్ దాన్ని మధ్యలో సరిచేస్తే తేడా సున్నా కంటే కిందకి పోతుంది. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో 2012లో 3.3 వెర్షన్‌తో పర్ఫ్ కౌంటర్ అని వేరే గడియారం ఇచ్చారు, అది వెనక్కి నడవదు.

అమలాపురం: సరేనండి, ‘ఏర్పాటుతో బిల్డ్’ ఖాయం. ఆ అర సెకను లెక్క కూడా దాని కిందే వేసేస్తాం. ‘వెనక్కి నడవని గడియారం’ అన్నది మాత్రం రేపు మీ పేరు చెప్పకుండానే వాడేసుకుంటాను.