సెకండ్ హ్యాండ్ స్విఫ్ట్, ఎడమ డోర్ రంగు తేడాగా ఉంది, యాక్సిడెంట్ బండేనా?

తెనాలి_అబ్బాయి:
అందరికీ నమస్తే అండి. గుంటూరులో ఒక కన్సల్టెన్సీలో 2017 స్విఫ్ట్ డీజిల్ చూశాను, సిల్వర్ కలర్, సింగిల్ ఓనర్, రీడింగ్ 78 వేలు. 4 లక్షల 60 వేలు చెప్పి 4.30కి దిగారు, బండి చేజారిపోతుందేమోనని 10 వేలు అడ్వాన్స్ కూడా ఇచ్చేశాను. చూసింది సాయంత్రం ఆరున్నరకి, ట్యూబ్‌లైట్ల కింద బాగా మెరిసిపోతా కనిపించింది. ఇంటికొచ్చాక ఫోన్‌లో ఫొటోలు చూస్తుంటే ఎడమ ముందు డోర్, పక్కనే ముందు టైరు పైన ఉండే ఫెండర్ రేకు కంటే కాస్త ముదురుగా ఉన్నట్టు అనిపిస్తోంది. అడిగితే "బైక్ గీరింది, చిన్న టచప్ అంతే" అంటున్నాడు. మా నాన్నగారిని నెలకి రెండుసార్లు గుంటూరు హాస్పిటల్‌కి తీసుకెళ్లాలి, అందుకే కొంటున్నాం, మాకిదే మొదటి కారు. ఆదివారం మళ్లీ వెళ్తున్నా, ఏం చూడాలో చెప్పండి ప్లీజ్, మెకానిక్‌లు ఎవరూ తెలీదు నాకు.

ఆటోనగర్_టింకర్:
తమ్ముడూ, విజయవాడ ఆటోనగర్‌లో 22 ఏళ్ల నుంచి టింకరింగ్ పనే చేస్తున్నా, తెలిసింది చెప్తా. ముందు ఒకటి అర్థం చేసుకో, పెయింట్ పడిన ప్రతి బండీ యాక్సిడెంట్ బండి కాదు. మన రోడ్ల మీద ఇన్నేళ్లు తిరిగిన కారుకి ఒక డోరో బంపరో రంగు పడకుండా ఉండటం కష్టం. పైగా సిల్వర్ మెటాలిక్ షేడ్ కలపడం మాక్కూడా తలనొప్పే, మంచి మేస్త్రి చేసినా ఒక కోణంలో తేడా తెలుస్తది. కాబట్టి డోర్ రంగు చూసి బెదిరిపోవద్దు. ఆ రంగు కింద ఎంత లప్పం, అంటే సొట్ట పూడ్చే పుట్టీ, ఉంది, దెబ్బ డోర్‌తో ఆగిందా లోపల పిల్లర్ దాకా, అంటే డోర్ల పక్కన రూఫ్‌ని మోసే నిలువు స్తంభం దాకా వెళ్లిందా, అదీ చూడాల్సింది.

పొద్దున ఏడెనిమిదికి ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు వెళ్లు, బండి తడిపి ఉంచితే ఆరేదాకా ఆగు, నీళ్లు అన్నిటినీ కప్పేస్తయ్. హెడ్‌లైట్ దగ్గర మోకాలి మీద కూర్చుని కారు పొడవునా చూడు. ఎదురుగా ఉన్న కరెంటు స్తంభం డోర్ మీద అద్దంలో కనపడ్డట్టు తిన్నగా కనపడాలి, వంకరగా అలలా కదిలితే కింద లప్పం ఉన్నట్టే. తర్వాత వేలి కణుపుతో కొట్టి చూడు, రేకు అయితే టంగ్‌మంటది, లప్పం మందంగా ఉంటే దబ్ దబ్‌మని గోడ కొట్టినట్టు ఉంటది. ఫ్రిజ్ మీద అంటించుకునే పలచటి మాగ్నెట్ ఒకటి గుడ్డలో చుట్టి పట్టుకెళ్లు, కుడి డోర్‌కి పెట్టి ఎడమ డోర్‌కి పెట్టు, ఎడమ దాని మీద జారిపోతే లెక్క తేలిపోద్ది. బంపర్లు ప్లాస్టిక్, వాటి మీద పెట్టి కంగారుపడొద్దు.

ఇప్పుడు అసలు పని. బానెట్ ఎత్తి ఫెండర్ బోల్టులు చూడు. కంపెనీలో బాడీతో పాటే బోల్టుకీ రంగు పడతది, ఒక్కసారి స్పానర్ పడితే ఆ మూలల్లో రంగు లేచిపోద్ది, ఎంత జాగ్రత్తగా విప్పినా సరే. డోర్ హింజ్‌ల దగ్గరా ఇంతే. డోర్ తీసి అంచు లోపలివైపు వేలు పెట్టి కింద నుంచి పైదాకా లాగు, సీలెంట్ ఒక దారంలా సాఫీగా తగలాలి. గడ్డలు గడ్డలుగా, వేలితో పూసినట్టు ఉంటే డోర్ మార్చారు లేదా రేకు కొత్తది వేశారు. తర్వాత డోర్ ఫ్రేమ్ చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్ ఒక జానెడు పీకు, భయపడకు, మళ్లీ చేత్తో నొక్కితే కూర్చుంటది. దాని కింద వరసగా శనగగింజంత గుంటలు కనపడతయ్, అవి కంపెనీ స్పాట్ వెల్డింగ్. కుడి పక్క ఎలా ఉన్నాయో ఎడమ పక్కా అలాగే ఉండాలి. ఒక పక్క నున్నగా ఉండి గుంటలు మాయమైతే, లేదా గ్రైండర్ గీతలు కనపడితే, పిల్లర్ కోసి అతికించారు. ఆ బండి ఎంత తగ్గించినా వద్దు. రేపు పక్క నుంచి ఏదైనా కొడితే మీ నాన్నగారికి అడ్డం ఉండేది ఆ పిల్లరే.

ఓరుగల్లు_డ్రైవ్:
మేస్త్రి అన్న చెప్పినవాటికి తోడు డిక్కీ సంగతి కూడా నేను చెప్త, ఎందుకంటే నేను అక్కడనే దెబ్బతిన్న. 2021ల ఒక సెడాన్ కొన్న, పైన చూస్తే అద్దం లెక్క ఉండె, డిక్కీ తెర్శి సామాను పడతదా అని చూసిన గానీ కార్పెట్ ఎత్తలే. ఎనిమిది నెలలకి వానకాలం రాంగనే వెనక ఎడమ టైరు పైన రంగు బుగ్గలొచ్చింది, గోరుతోని గీకితే తెల్లగ పెచ్చు ఊడొచ్చింది, మందం చూస్తే రెండు రూపాయి బిళ్లలు పెట్టినంత ఉంది. స్టెప్నీ గుంతల నీళ్లు నిల్చినయ్. టింకరింగ్ షాపుల మొత్తం ఊడదీస్తే వెనక నుంచి గుద్దిన బండి అది, డిక్కీ ఫ్లోర్ ముడతలు పడితే సుత్తితోని కొట్టి సాపు చేసి మీద నల్ల రంగు కొట్టిన్రు. 40 వేల మీదనే అయినయ్ నాకు. అందుకే చెప్తున్న, స్టెప్నీ బయటికి తీయించు, టార్చి వేసి చూడు, రేకు మీద ముడతలున్నా చేతి వెల్డింగ్ ఉన్నా ఒద్దు.

ఇంకోటి, ఇన్సూరెన్స్ కాగితం అడుగు. దాంట్ల నో క్లెయిమ్ బోనస్ అని ఉంటది, క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంల ఇచ్చే తగ్గింపు అది. ఫుల్ పాలసీ కట్టుకుంట వరసగా ఐదేండ్లు క్లెయిమ్ చేయకపోతే 50 శాతం ఉండాలె. సింగిల్ ఓనర్, యాక్సిడెంట్ కాలే అని చెప్పి పాలసీల సున్నా ఉందనుకో, క్లెయిమ్ అయింది, లేకపోతే పాలసీ 90 రోజులు దాటి లాప్స్ అయింది, రెండిట్ల ఏదో చెప్పమను. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే మాత్రం ఇది తెల్వదు. రిపేరు ఖర్చు ఐడీవీల, అంటే పాలసీల రాసిన బండి విలువల, 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద కట్టేస్తరు, అసొంటి బండ్లను కొనుక్కపోయి బాగుచేసి మళ్ల అమ్ముతరు, ఆటికి కూడ మంచిగనే పాలిష్ పెడ్తరు.

మైక్రాన్_మీటర్:
పెయింట్ మందం కొలిచే మీటర్ ఎవరి దగ్గరైనా దొరికితే తీసుకెళ్లండి. కంపెనీ పెయింట్ సుమారు 80 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది, మళ్లీ రంగు వేస్తే 200, 300 అలా చూపిస్తుంది, 1000 దాటితే అది రంగు కాదు, లప్పమే. ముందు రూఫ్ మీద కొలవండి, అక్కడ రంగు పడటం అరుదు, దాన్నే లెక్కగా పెట్టుకుని మిగతావి పోల్చండి. గ్లాసుల మూలల్లో ఉండే కోడ్ కూడా చూడండి, చాలావాటి మీద తయారైన ఏడాది చివరి అంకె ఉంటుంది, 2017 బండికి 7 గానీ 6 గానీ ఉండాలి. ముందు అద్దం రాయి తగిలి మార్చి ఉండొచ్చు, తప్పులేదు, కానీ డోర్ గ్లాస్ ఒక్కటే కొత్తదైతే గట్టిగా అడగండి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న వేరియంట్ అయితే తాళం ఆన్ చేయగానే ఆ లైట్ వెలిగి కొన్ని సెకన్లకి ఆరిపోవాలి. అసలు వెలగకపోతే దాన్ని కట్ చేశారని అనుమానించాల్సిందే.

తెనాలి_అబ్బాయి:
అన్నా, ఈరోజు పొద్దున ఏడున్నరకే వెళ్లొచ్చా. డోర్‌కి మాగ్నెట్ నిలవలేదు, కుడి డోర్‌కి గట్టిగా పట్టుకుంది. ఫెండర్ బోల్టులు రెండిటికి రంగు లేచిపోయి ఉంది. ఇంతవరకు పర్లేదులే అనుకున్నా, బీడింగ్ పీకుతుంటే మాత్రం ఆ అబ్బాయి వచ్చి "అలా లాగకండి, పాడవుద్ది" అని చెయ్యి అడ్డం పెట్టాడు. కుడి పక్క పీకినప్పుడు ఏమీ అనలేదు మరి! నేనే మళ్లీ పెడతానని చెప్పి లాగా. రెండు డోర్ల మధ్య ఉండే పిల్లర్ కింది భాగంలో ఒక్క గుంట లేదు, నున్నగా ఉంది, డోర్ల కింద ఉండే రన్నింగ్ బోర్డు కలిసేచోట రంగు కింద అడ్డంగా ఒక గీత, వేలికి తగులుతోంది. ఫొటో తీసుకున్నా. పాలసీలో బోనస్ 20 శాతమే ఉంది. ఇవన్నీ చూపించాక "4 లక్షలకి తీసుకోండి" అన్నాడు.

ఆటోనగర్_టింకర్:
3కి ఇచ్చినా వద్దు తమ్ముడూ. ఆ గీత జాయింటు, పిల్లర్ కింద కోసి అతుకేశారు. అడ్వాన్స్‌కి రసీదు ఉందా? యాక్సిడెంట్ లేదని చెప్పి తీసుకున్నారు కదా, ఆ ఫొటో ముందు పెట్టి కూర్చో, మాట పెంచకు గానీ లేచి రాకు.

తెనాలి_అబ్బాయి:
రసీదు ఉంది అన్నా. మధ్యాహ్నం దాకా కూర్చున్నా, ముందు ఐదే ఇస్తానన్నారు, చివరికి పదీ ఇచ్చేశారు. మీరందరూ చెప్పకపోతే ఆ బండి ఈపాటికి మా ఇంటి ముందు ఉండేది, చాలా థ్యాంక్స్ అండి. రేపు తెనాలిలోనే ఒక రిటైర్డ్ మాస్టారి వాగనార్ చూడబోతున్నా, 2016 మోడల్, వెనక బంపర్‌కి, డిక్కీ డోర్‌కి రంగు వేయించానని ఆయనే ముందు చెప్పారు.

ఆటోనగర్_టింకర్:
ముందే చెప్పాడంటే సగం మంచిదే. అయినా వెనక దెబ్బే కాబట్టి స్టెప్నీ తీయించు, ఫ్లోర్ ఫొటో ఇక్కడ పెట్టు, చూసి చెప్తా.