అప్‌డేట్: కాలిక్యులేటర్‌లో 3.22, ఎక్సెల్‌లో 3.61 ఎందుకొచ్చిందో తేలింది

మొన్న నేను అడిగింది ఇదీ: ఇంటి నుంచి ఆఫీసుకు బస్సులో ఐదు రోజులు పట్టిన సమయం 40, 44, 45, 46, 50 నిమిషాలు. స్టాండర్డ్ డీవియేషన్ (అంకెలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) రెండు చోట్లా రెండు రకాలుగా వస్తోంది, ఏది నమ్మాలి అని.

రెండూ కరెక్టేనట! సగటు 45. తేడాలు −5, −1, 0, 1, 5. వాటి వర్గాల మొత్తం 52. దీన్ని 5తో భాగించి వర్గమూలం తీస్తే 3.22, 4తో భాగిస్తే 3.61. కాలిక్యులేటర్‌లో నేను నొక్కింది σ మీట, అంటే ఉన్న ఐదు అంకెలే మొత్తం అనుకుని 5తో భాగించేది. ఎక్సెల్‌లో వాడింది ఎస్‌టీడీఈవీ.ఎస్, అంటే శాంపిల్‌ది (పెద్ద మొత్తంలోంచి తీసిన కొన్నిటిది); అది 4తో భాగిస్తుంది.

4 ఎందుకన్నదే నాకు మింగుడుపడలేదు. కాగితం మీద వేసి చూశాక అర్థమైంది: సగటు నుంచి తేడాలన్నీ కూడితే ఎప్పుడూ సున్నానే. నాలుగు తెలిస్తే ఐదోది దానంతటదే తేలిపోతుంది. పైగా ఈ ఐదు రోజుల సగటు వీటికే దగ్గరగా ఉంటుంది కాబట్టి, 5తో భాగిస్తే చెదురు అసలుకన్నా తక్కువగా కనపడే అవకాశం ఎక్కువ. దీన్నే బెసెల్ సవరణ అంటారు. నావి ఏడాది ప్రయాణాల్లో ఐదే కాబట్టి నాకు కావాల్సింది 3.61.

ఇంకోటి, సరదాకి 50 తీసేసి 80 పెట్టాను (టైరు పంక్చరైన రోజు అనుకోండి). 3.61 కాస్తా 16.37 అయి కూర్చుంది! మధ్యగతం (వరుసలో పెడితే నడిమి అంకె) మాత్రం 45 దగ్గరే, కదల్లేదు. ఈసారి నుంచి అలాంటి రోజుంటే క్వార్టైల్స్ (వరుసలో పెట్టిన అంకెల్ని నాలుగు సమాన భాగాలు చేసే విలువలు) కూడా చూస్తాను.

σ మీట సంగతి చెప్పినవాళ్లకు థాంక్స్ అండీ.