టెక్కలి – మందస – పర్లాకిమిడి: తారు రోడ్డు ఎక్కకుండా సైకిల్ మీద వెళ్లే తోవ ఉందా?

టెక్కలి కుర్రోడు:
అందరికీ నమస్తే. మాది టెక్కలి దగ్గర పల్లె, ఉద్యోగం విశాఖలో. ఈమధ్య గ్రావెల్ సైకిల్ కొన్నాను. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా: చూడ్డానికి రేసు సైకిల్‌లాగే వంపు హ్యాండిల్ ఉంటుంది, కానీ టైర్లు వెడల్పు (నావి 40 మిల్లీమీటర్లు), మట్టిలో, కంకరలో తొక్కడానికి చేసినది. ఇంగ్లండ్ వాళ్ల వీడియోల్లో రెండు పక్కలా గుబురు కంచెలు, మధ్యలో సన్నటి బాట, అది దాటితే అడవి. ఇలాంటి గోర్జీలు మన ఉద్దానంలో చిన్నప్పుడు చూసినవే కదా అనిపించింది.

సంక్రాంతికి ఇద్దరు స్నేహితులతో వస్తున్నాను. రెండు రోజులు తొక్కాలని ఆలోచన. మొదటి రోజు టెక్కలి నుంచి వజ్రపుకొత్తూరు, అక్కడి నుంచి సముద్రం పక్కనే బారువ దాకా పోయి మందస చేరడం. రెండో రోజు కొండ అంచునే మెళియాపుట్టి, పాతపట్నం, పర్లాకిమిడి. హైవే ఎక్కకూడదని పట్టుదల. కుదురుతుందా? ఎలుగుల సంగతి కూడా చెప్పండి, మా అమ్మకు అదొక్కటే టెన్షన్.

పిక్కల బాబాయ్, కాశీబుగ్గ:
తమ్ముడూ, మీ సైకిల్ గురించి నాకు తెలీదు కానీ నేల గురించి తెలుసు. జీడిపిక్కలు కొనడానికి ఊరూరా తిరిగేవాణ్ని. మొదట్లో సైకిల్ మీద, ఇప్పుడు మోపెడ్ మీద. ఏ తోటకు ఎటు నుంచి దారో, ఏ దారి ఏ నెలలో దిగబడుతుందో మా వాళ్లకు తెలిసినట్టు మ్యాప్‌కు తెలీదు.

ముందు మీ మొదటి రోజు సంగతి. సముద్రం పక్క దారి మానేయండి. వజ్రపుకొత్తూరు దాటి తీరం వైపు పోతే బండి బాటల్లో చీలమండ లోతు ఇసుక ఉంటుంది. జనవరిలో మంచు పడి తెల్లవారుజామున కాస్త గట్టిగా ఉంటుంది గానీ, ఎండెక్కిందంటే వదులైపోతుంది. తొక్కడం మాట దేవుడెరుగు, సైకిల్‌ను తోసుకుంటూ బారువ చేరేసరికి మీ స్నేహితులు మళ్లీ మన జిల్లాకు రారు. ఊళ్ల వరసలో ఒక వరస లోపలికి జరగండి. అక్కడ ఇసుకలో మట్టి కలిసి ఉంటుంది, టైరు పట్టు దొరుకుతుంది. మీరడిగిన కంచెలూ అక్కడే: మొగలి పొదలు, నాగజెముడు, రాకాసి కలబంద, మధ్యమధ్యలో తాటి మట్టల దడి. అయితే చిన్నప్పుడు చూసినట్టే ఉంటుందనుకోకండి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను మన పలాస దగ్గరే తీరం దాటింది కదా, ముసలి జీడిచెట్లు, కొబ్బరిచెట్లు లెక్కలేకుండా పోయాయి. మళ్లీ మొక్కలు వేసినవాళ్లు కొందరు జీవకంచె పెంచే ఓపిక లేక ముళ్లతీగ చుట్టేశారు. గోర్జి అలాగే ఉంది, నీడ పోయింది. నాకైతే ముళ్లతీగ గోర్జి చూస్తే చిరాకు. మొగలి పొద గీసుకుంటే దురదే, తీగ అయితే చొక్కాతో పాటు చర్మమూ పోతుంది.

ఇక ఎవరూ చెప్పని దారి ఒకటి ఉంది. వంశధార ఎడమ కాలువ. హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ నుంచి బయల్దేరి టెక్కలి, నందిగాం మీదుగా పలాస, వజ్రపుకొత్తూరు వైపు వస్తుంది, మొత్తం వంద కిలోమీటర్ల పైమాటే. ఒక గట్టు మీద ఇంజినీర్ల జీపులు తిరగడానికి వేసిన ఎర్రమట్టి బాట ఉంటుంది. రెండో గట్టు తుప్పలమయం, అటు పోవద్దు. కాలువ కదా, ఎత్తుపల్లాలు ఉండవు, లారీలు ఉండవు, ఒక పక్క వరి మడులు, ఇంకో పక్క నీళ్లు. టెక్కలి నుంచి పలాస దాకా మీ హైవే బెడద దీనితోనే తీరిపోతుంది. కాలువ కింద నుంచి గెడ్డ (వాగు) పోయే కట్టడాల దగ్గర మాత్రం గట్టు సన్నబడుతుంది, దిగి నడిపించండి. వానాకాలంలో ఈ గట్టు జారుడుబల్ల. సంక్రాంతికి పర్వాలేదు.

రెండో రోజు కొండ కింద నేల మారిపోతుంది. మందస దాటాక ఎర్ర గరప, అంటే కంకర నేల, దాని మీద తేలిన రాళ్లు. మహేంద్రగిరి 1501 మీటర్ల కొండ, ఒడిశాలో ఉంది, ఆ నీళ్లన్నీ గెడ్డలై మనవైపు దిగుతాయి. కల్వర్టు దాటిన వెంటనే వచ్చే మలుపుల్లో రాయి వదులుగా ఉంటుంది, దిగుడులో స్పీడు వద్దు. సవర గిరిజనుల ఊళ్ల మీదుగా పోతారు. కొత్త మనుషుల్ని చూస్తే ఎవరు, ఎందుకొచ్చారని అడుగుతారు. అడగ్గానే ఆగి ఏ ఊరివాళ్లో చెప్పండి, తోవ వాళ్లే చూపిస్తారు. మ్యాప్‌లో చుక్కల గీతగా కనబడేవి చాలావరకు కట్టెలకు పోయే కాలిబాటలే, నమ్మొద్దు.

ఎలుగుల గురించి మీ అమ్మగారి భయం ఉత్తది కాదు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఎలుగు మనుషుల మీద పడిన సంగతి అందరికీ గుర్తే. వాటికి జీడిపండు, పనసపండు ప్రాణం. మార్చి నుంచి జూన్ దాకా తోటల్లో చీకట్లో తిరగడమంటే వాటి భోజనాల వేళకు పోవడమే. జనవరిలో అంత ఉండదు. అయినా పొద్దు బాగా ఎక్కాకే బయల్దేరండి, సాయంత్రం నాలుగున్నరకల్లా తోటలు దాటేయండి. సైకిళ్లు చప్పుడు చేయవు కదా, అదే ప్రమాదం. మలుపుల్లో గంట కొట్టండి, లేదా గట్టిగా మాట్లాడుకోండి.

పర్లాకిమిడి వాసి:
పాతపట్నం నుంచి మా ఊరు వేరే రాష్ట్రమన్న సంగతే తెలీదు, ఇళ్లు కలిసిపోయి ఉంటాయి. బజారులో తెలుగు మాట్లాడితే చాలు, ఒడియా రాలేదని మొహమాటపడక్కర్లేదు.

వెళ్లేటప్పుడు తొక్కండి, వచ్చేటప్పుడు రైలెక్కండి. గుణుపురం – నౌపడ లైను మా ఊరి మీదుగానే పోతుంది. పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలు అది, 1900లో మొదలైంది. రెండున్నర అడుగుల పట్టాలు 2004 దాకా ఉన్నాయి, తర్వాత పెద్ద లైను వేశారు. టెంబూరు మీదుగా మీ టెక్కలిలో దిగొచ్చు. బండ్లు తక్కువ, టైము ముందే చూసుకోండి. సైకిల్‌ను లగేజీగా బుక్ చేయమంటారు, స్టేషన్‌కు కాస్త ముందుగా రండి.

ఒక రోజు ఎక్కువ దొరికితే గండాహతి జలపాతం వైపు పోండి. ఊరు దాటాక కొండలు మొదలవుతాయి, అడవి కూడా మీరనుకున్న దానికంటే చిక్కగానే ఉంటుంది. అయితే ఏనుగుల సంగతి విని కదలండి. మా లఖేరి అడవుల నుంచి దిగిన గుంపు ఏళ్లుగా మీ మన్యం వైపు తిరుగుతోంది. పాతపట్నం అటవీ ఆఫీసులో అడిగితే ఆ వారం ఎటున్నాయో చెబుతారు.

కవిటి కోడలు:
గోర్జీలు బాగుంటాయని అందరూ అంటున్నారు, అవి మా పెరటి దారులు కూడా. రెండు మాటలు చెప్పనివ్వండి. తడిక తీసి లోపలికి పోతే మళ్లీ వేసి కట్టండి, లేకపోతే పశువులు తోటలో పడతాయి, తిట్లు మాత్రం మాకు పడతాయి. భోగి ముందు రోజుల్లో మంట కోసం పిల్లలు దడి కర్రలు లాక్కుపోతారు. కంచెలో సందు కనబడిందని అది దారి అనుకోకండి, అవతల ఎవరిదో వంగతోట ఉంటుంది.

నీళ్లు ఎక్కడ పడితే అక్కడ బోరు కొట్టి తాగొద్దు. ఉద్దానం కిడ్నీ జబ్బుల సంగతి మీకు కొత్త కాదు. ఒకసారి తాగితే ఏదో అయిపోతుందని కాదు, మేమే మానుకున్నాం, మీరెందుకు? హిరమండలం నుంచి వచ్చే కుళాయి నీళ్లు ఉన్న ఇంట్లో అడగండి, ఎవరూ కాదనరు. కనుమ నాడు మాత్రం బయల్దేరకండి. ఆ రోజు కాకి కూడా కదలదంటారు, టీ కొట్టు కూడా తెరిచి ఉండదు.

టెక్కలి కుర్రోడు:
బాబాయ్, అక్కా, అన్నా, చాలా థాంక్స్. కాలువ గట్టు ఆలోచనే నాకు రాలేదు, చిన్నప్పుడు ఈత కొట్టింది అక్కడే అయినా! తీరం దారి కొట్టేశాను. సంక్రాంతికి ముందే వచ్చి భోగిలోపు ముగించేస్తాం. ఇంకొక్క డౌటు. కాలువ గట్టుకీ, తోటల ఇసుకకీ, కొండ గరపకీ టైర్లలో గాలి ఎంత పెట్టాలి? ముళ్ల సంగతేంటి?

చక్రధర్ విశాఖ:
మీ బరువు డెబ్బై కిలోల దగ్గర అనుకుంటే, 40 టైరుకు గట్టు మీద ముప్పై అయిదు పిఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) చాలు. తోటల్లోకి దిగేముందు ఇరవై అయిదుకు తగ్గించండి, ఇసుకలో టైరు పరుచుకుంటుంది. కొండ కింద మళ్లీ ఎక్కించాలి, లేకపోతే రాయికి రిమ్ము కొట్టుకుంటుంది. చేతిపంపు మర్చిపోవద్దు. ముళ్లకు టైర్లను ట్యూబ్‌లెస్ చేసి సీలెంట్ (బెజ్జాలు మూసే ద్రవం) పోయించడమే మందు. తుమ్మముల్లు దిగినా చిన్న బెజ్జాన్ని అదే మూసేస్తుంది. ముల్లు కనబడగానే లాగేయకండి, గాలి పోతున్న చప్పుడు ఉందో లేదో చూడండి. టైరు పక్క గోడ చిరిగితే సీలెంట్ ఆపదు కాబట్టి మనిషికో ట్యూబు ఉండాల్సిందే, ఆ సైజు మధ్యలో ఎక్కడా దొరకదు.

పిక్కల బాబాయ్, కాశీబుగ్గ:
రాత్రికి మందసలో బస ఖాయం చేసుకోకపోతే కాశీబుగ్గ వచ్చేయండి, ఇక్కడ లాడ్జీలున్నాయి. కానీ కోవా మాత్రం మందసలోనే కొనుక్కోండి. బయల్దేరే ముందు ఇక్కడొక మాట రాయండి. కాలువలో పూడిక తీస్తుంటే ఆ మట్టంతా గట్టు మీదే పోస్తారు, ఎక్కడ పోశారో నేను కనుక్కుని చెబుతాను.