'ట్రాన్స్‌ఫర్మేషన్'కు ఒక్క మాట చాలదు: వెదా, నాటా?

అందరికీ నమస్కారం. హనుమకొండలో డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతాను. ఏకకణ శైవలాల, అంటే నీటిని పచ్చబరిచే ఒంటికణపు పాచి జీవుల, జన్యువులపై తెలుగులో పాఠం రాస్తూ వారం రోజులుగా ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. ఇంగ్లీషులో 'ట్రాన్స్‌ఫర్మేషన్' అంటారు. 'పరివర్తన' అని రాస్తే మనసు మార్చుకున్న మనిషి గుర్తుకొస్తున్నాడు. 'రూపాంతరం' అంటే గొంగళిపురుగు సీతాకోకచిలుక అయినట్టుంది. ఇక్కడ జరిగేది బయటి డీఎన్ఏ కణంలోకి వెళ్లి అక్కడ నిలవడం. కణం ఆకారం మారవలసిన పనే లేదు.

క్లామిడోమోనాస్ అనే శైవలాన్నే తీసుకోండి. మిల్లీమీటరులో నూరో వంతు ఉండే కణం, ఈదడానికి కొరడాల్లాంటి రెండు కశాభాలు, లోపల గిన్నెలాంటి ఒకే ఒక్క హరితరేణువు. ఇంటి వెనుక గోలెంలో ఎండకు పచ్చబడిన నీటి చుక్కను ఒకసారి సూక్ష్మదర్శిని కింద పెడితే ఇలాంటివే రెండు మూడు గిరగిరా తిరుగుతూ కనిపించాయి. పిల్లలు వరుసకట్టి మళ్లీ మళ్లీ చూశారు. ఆ పిల్లల కోసమే ఈ మాట సరిగా కుదరాలని నా ఆరాటం.

దీని కేంద్రకంలోకి జన్యువును పంపడానికి 1990లో ఒక తేలిక పద్ధతి వచ్చింది. కణకవచం లేని రకాన్ని డీఎన్ఏతో, సన్నని గాజుపూసలతో కలిపి పరీక్షనాళికను కొన్ని సెకన్లు గట్టిగా గిలక్కొడతారు. పూసల రాపిడికి పొర క్షణకాలం తెరుచుకుంటే డీఎన్ఏ లోపలికి జారుతుంది. కాని ఏ క్రోమోజోములో ఎక్కడ అతుక్కుంటుందో మన చేతిలో లేదు. ఒక్కో కణంలో ఒక్కో చోట.

హరితరేణువు సంగతి వేరు. సన్నని లోహపు రేణువులకు డీఎన్ఏ పూసి, జన్యు తుపాకీతో కణాల మీదికి పేల్చి, కిరణజన్య సంయోగక్రియ చేయలేని రకానికి అది పోగొట్టుకున్న జన్యువును 1988లో తిరిగి ఇచ్చారు. పంపిన ముక్క రెండు అంచులూ అక్కడి డీఎన్ఏ వరుసతో సరిపోతే అది సరిగ్గా ఆ చోటనే కూర్చుంటుంది.

ఇది రాస్తుంటే పాకాల ఆయకట్టులో వరి కళ్ల ముందు మెదిలింది. ఒక మడిలో వడ్లు వెదజల్లుతారు, పడ్డచోటే మొలక. పక్క మడిలో నాట్లు వేస్తారు, వేలు దిగిన చోటే నారు. ఇంగ్లీషువాళ్లు రెండింటినీ ఒకే మాటతో సరిపెట్టుకున్నారు. మనకు రెండు మాటలు ఉండగా ఒక్కటే ఎందుకు? 'జన్యువును వెదజల్లడం', 'జన్యువును నాటడం' అని రాయాలనుకుంటున్నాను.

వెద తక్కువదేమీ కాదు. ఎక్కడో పడిన ముక్క అక్కడున్న జన్యువును పాడుచేస్తుంది. ఈ కణంలో ప్రతి క్రోమోజోముకూ ఒకే ప్రతి కాబట్టి లోపం దాగదు, ఏ జన్యువు పోతే ఏ పని ఆగిందో తెలిసిపోతుంది. అలా తయారుచేసిన 62,000కు పైగా రకాల సేకరణ 2019లో వెలువడింది.

ఇంకో మాట. పెట్టిన జన్యువు ఉన్నచోటే ఉండి పనిమానేయడం కేంద్రకంలో తరచూ జరుగుతుంది. 'నిశ్శబ్దీకరణ' కన్నా 'మూగబోవడం' నాకు నచ్చింది.

స్పందన, కరీంనగర్ నుంచి విశ్రాంత తెలుగు ఉపాధ్యాయులు: అమ్మా, 'నాటడం' చక్కగా ఉంది. ముల్లు నాటింది, బాణం నాటింది అంటాం కదా, తుపాకీ రేణువుకు ఆ అర్థమూ కలిసివచ్చింది. 'వెదజల్లడం' దగ్గర మాత్రం ఆగండి. పరిమళాలు వెదజల్లడం, డబ్బు వెదజల్లడం చదివీ చదివీ అందులో విత్తనం మరుగున పడింది. 'వెదపెట్టడం' అనండి. అందులో మొలకెత్తాలన్న ఆశ ఇంకా ఉంది.

స్పందన, ఒక పరిశోధక విద్యార్థి: మేడం, ఒక్క జాగ్రత్త. డీఎన్ఏను కోసే కాస్9 ప్రొటీనును, ఎక్కడ కోయాలో దారి చూపే ఆర్ఎన్ఏతో ముందే జతచేసి కణంలోకి పంపే పద్ధతి 2016లో ఈ శైవలంలో ఫలించింది. ఇప్పుడు కేంద్రకంలోనూ కోరిన చోట కోసి, అక్కడే ముక్కను పెట్టవచ్చు. కేంద్రకమంటే వెద, హరితరేణువంటే నాటు అని పిల్లలు బట్టీ పడితే తప్పవుతుంది. అన్నట్టు, 'శైవలం' బదులు 'పాచి' అనకూడదా?

నా జవాబు: సార్, 'వెదపెట్టడం' తీసుకున్నాను. బాబూ, నీ మాట నిజం. ఆ తేడా చోటుది కాదు, పనిది. పాచి అనాలని నాకూ ఉంది. కాని పాచిపోయిన అన్నం, పాచిపళ్లు ముందు మెదులుతాయి. ఇక 'నాచు' అంటే చెరువులో కాళ్లకు చుట్టుకునే పోగులే కళ్లకు కడతాయి, విడివిడిగా ఈదే కణం కాదు. అందుకే శైవలం ఉంచాను. పాఠంలో వాక్యం ఇప్పుడు ఇలా ఉంది: 'గాజుపూసలతో గిలక్కొట్టి జన్యువును వెదపెడితే అది ఎక్కడైనా పడవచ్చు, అంచులు సరిచూసి గాని, కాస్9తో చోటు కోసి గాని పెడితే దాన్ని నాటినట్టు.'