అప్‌డేట్: వర్క్‌షాప్‌కి హీటర్ ఖరారైంది

చెక్కపని షెడ్డుకి గ్యాస్ హీటరా, కరెంటు హీటరా అని అడిగాను కదా. చివరికి రెండూ కాకుండా వేడి గాలి కూడా ఇచ్చే ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ పెట్టించాను.

పొగగొట్టం లేని గ్యాస్ హీటర్ అసలు వద్దు. ఆ హీటర్లో మండే గ్యాస్ ప్రొపేన్ కిలో కాలితే సుమారు 1.6 కిలోల నీటి ఆవిరి గదిలోకే వస్తుంది. అది చల్లటి ఇనుము మీద చేరి పనిముట్లు తుప్పు పడతాయి. రంపపు పొట్టు పక్కన మంట, కార్బన్ మోనాక్సైడ్ భయం సరేసరి.

5 కిలోవాట్ల కాయిల్ హీటర్ 230 వోల్టుల దగ్గర దాదాపు 22 ఆంపియర్లు లాగుతుంది. విడిగా లైను వేయాల్సిందే. ఏసీ అదే వేడిని, చలి మరీ ముదరనంతవరకు, మూడో వంతు కరెంటుతో ఇస్తుంది.

తలనొప్పల్లా సన్నపొట్టుతోనే. ఫిల్టర్ మూసుకుపోతే గాలి ఆడక ఏసీ లోపలి గ్యాస్ ప్రెషర్ పెరిగి కంప్రెసర్ ఆగిపోతుంది. శాండింగ్ (గరుకు కాగితంతో చెక్కని నునుపు చేయడం) చేసేటప్పుడు ఏసీ ఆపేసి, ఫిల్టర్‌ని వారానికోసారి కడిగి ఆరబెట్టి పెట్టాలి.