తలగాయం కేసుల్లో నెలనెలా ఈఈజీ: ఏ అంకె నమ్మాలి?

ప్రశ్న (విజయనగరం)
హైవే మీద బైక్ దెబ్బలు తగిలి వచ్చిన వాళ్లకు రిహాబ్ చేస్తున్నాం. మామూలు 10-20 పద్ధతిలో (తల మీద కొలిచిన దూరాల్లో ఎలక్ట్రోడ్లు పెట్టి) మెదడు విద్యుత్ అలలు తీసే ఈఈజీ, అరుదుగా వచ్చే శబ్దానికి మెదడు ఇచ్చే అలను చూసే పీ300 ఉన్నాయి. ఒకాయనకు రెండో రికార్డింగ్‌లో థీటా (నెమ్మదైన అలలు) తగ్గింది, మూడోదాంట్లో మళ్లీ పెరిగింది. మనిషేమో ముందుకంటే చురుగ్గా ఉన్నాడు. ఎక్కడ తేడా కొడుతోంది?

జవాబు 1
ముందు ఆయన కునుకు తీశాడేమో చూడండి. పాలకొండ నుంచి తెల్లారుజామున బస్సెక్కి వచ్చిన మనిషిని ఏసీ గదిలో పడుకోబెడితే ఐదు నిమిషాల్లో తల వెనక ఆల్ఫా (మెలకువగా కళ్లు మూసుకుంటే వచ్చే అలలు) చెదిరిపోయి థీటా వచ్చేస్తుంది. గాయం వల్ల వచ్చే మందగమనం కూడా థీటా, ఇంకా నెమ్మదైన డెల్టాలే కాబట్టి సాఫ్ట్‌వేర్‌కి రెండూ ఒకటే. రెండు నిమిషాలు కళ్లు మూసి, రెండు నిమిషాలు తెరిచి, మార్చి మార్చి తీయండి. తెరవగానే ఆల్ఫా అణగాలి. మెలకువగా ఉన్న ముక్కలే లెక్కలోకి తీసుకోండి. థీటా శాతం కంటే వెనక ఆల్ఫా శిఖరం ఎన్ని హెర్ట్జ్ దగ్గరుందో రాసుకోవడం మేలు. అదే మనిషికి 8 నుంచి 9.5కి జరిగితే దానికి అర్థం ఉంది.

తలకు నూనె రాయకుండా, ముందురోజు కుంకుడుకాయతో తలంటుకుని రమ్మనండి. ఇంపిడెన్స్ (ఎలక్ట్రోడ్‌కీ చర్మానికీ మధ్య విద్యుత్ నిరోధం) 5 కిలోఓమ్‌ల లోపు రాకపోతే మొదలెట్టొద్దు. టిఫిన్ తినే రావాలి.

జవాబు 2
ఆపరేషన్‌లో పుర్రె ఎముక తీసిన కేసా? అలాగైతే ఆ పక్క అలలు, ముఖ్యంగా వేగం ఎక్కువున్నవి, పెద్దవిగా, మొనదేలి కనిపిస్తాయి. మెదడులో మార్పేమీ కాదది, మధ్యలో ఎముక అడ్డు లేకపోవడమే. ఎముక తిరిగి పెట్టాక తగ్గిపోతాయి. అందుకని ఆపరేషన్‌కి ముందూ వెనకా తీసినవి పోల్చకూడదు. మందులూ రాసుకోండి: ఫిట్స్ మందుల్లో క్లోబజామ్ బీటాను (వేగమైన అలలను) పెంచుతుంది, ఫెనిటాయిన్ మోతాదు మించితే అలలు నెమ్మదిస్తాయి. టెస్టు కోసం ఫిట్స్ మందు ఆపడం మాత్రం వద్దే వద్దు.

ప్రశ్న వేసినవారు
ఎముక కేసు కాదండి. మందులూ మారలేదు. మూడోది భోజనం అయ్యాక, రెండున్నరకి తీశాం.

జవాబు 1
ఇంకేటి, అదే. పొద్దున ఏ టైంకి తీస్తే ప్రతిసారీ అదే టైంకి తీయండి.

జవాబు 3
పీ300కి వస్తే: 1000 హెర్ట్జ్ శబ్దం 80 శాతం, 2000 హెర్ట్జ్‌ది 20 శాతం, వరస తెలియకుండా కలిపి. మొత్తం 200 శబ్దాలు వేస్తే 40 లక్ష్యాలు, అంటే 2000 హెర్ట్జ్‌వి. రెప్పపాటు పడినవి తీసేశాక 30 అయినా మిగలాలి, లేకపోతే శిఖరం ఎక్కడుందో చెప్పలేం. పీజెడ్ (నడినెత్తికి కాస్త వెనకున్న ఎలక్ట్రోడ్) దగ్గర చూడండి. రెండుసార్లు తీసి ఒకదాని మీద ఒకటి వేయండి, కలవకపోతే రిపోర్టులో అంకె రాయొద్దు. గమనిస్తున్నాడో లేదో తెలియాలంటే లక్ష్యాలను లెక్కపెట్టమనండి. 40కి 26 అన్నాడంటే అల చిన్నదవడానికి కారణం అక్కడే దొరికింది. అన్నిటికంటే ముందు వినికిడి పరీక్ష చేయించండి, చెవి పక్క ఎముక విరిగినవాళ్లు మనకు తక్కువేం కాదు.

జ్ఞాపకశక్తికి తెలుగు మోకా (జ్ఞాపకం, ఆలోచన చూసే చిన్న పరీక్ష) పెడుతున్నారా? నెలనెలా అవే ఐదు మాటలు అడిగితే బట్టీపట్టేస్తారు, మారు ప్రతి వాడండి.