వసంతంలో కొండల్లో మంచి ఆఫ్‌రోడ్ దారులు ఎలా వెతకాలి?

ప్రశ్న: ఫోర్ బై ఫోర్ బండి ఉంది. వేసవిలో మట్టిదారుల మీద తిరిగిన అలవాటూ ఉంది. ఈసారి మంచు కరిగి పూలు పూసే రోజుల్లో కొండల్లోకి వెళ్లాలని ఉంది. దారులు చూపించే యాప్ తెరిస్తే బోలెడు దారులు, అన్నిటికీ అందమైన ఫొటోలే. దేన్ని నమ్మాలో తెలియట్లేదు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు: ముందు ఆ ఫొటోలు ఏ నెలలో తీశారో చూడండి. చాలావరకు వేసవి చివర్లోవే ఉంటాయి. వసంతంలో దారి పేరు కన్నా మంచు ఎక్కడిదాకా ఉందన్నదే ముఖ్యం. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి, ఒకే చోటు సుమారు 5 రోజులకోసారి కొత్తగా వస్తుంది. 10 మీటర్ల స్పష్టతలో (అంటే చిత్రంలో ఒక్కో చుక్క నేల మీద 10 మీటర్ల గడి) సన్నటి దారి సరిగా కనిపించదు కానీ, కొండ మీద మంచు ఏ ఎత్తు దాకా ఉందో తెలిసిపోతుంది. మబ్బుని చూసి మంచు అనుకోకండి, రెండు మూడు తేదీల చిత్రాలు పోల్చండి.

తర్వాత కాంటూరు గీతలున్న (ఒకే ఎత్తులో ఉన్న చోట్లని కలిపే గీతలు) మ్యాప్ తీసి, ఆ ఎత్తుకి కిందే ఉండే దారులు ఏరుకోండి. ఉత్తరార్ధగోళంలో దక్షిణం వైపు వాలు ముందు ఆరుతుంది, దక్షిణార్ధగోళంలో ఉత్తరం వైపుది. కానీ దారి మొత్తం ఎండలో ఉన్నా, మిమ్మల్ని ఆపేయడానికి నీడలో పడే ఒక్క మలుపు చాలు. అక్కడ పేరుకున్న మంచు వారాల తరబడి కరగదు. పక్కకి వాలి ఉన్న ఆ మంచు మీదకి ఎక్కితే బండి లోయ వైపు జారుతుంది. వెనక్కి తిప్పుకునే చోటు ఉండదు. అందుకే నీడ మలుపులన్నీ ఇంట్లోనే మ్యాప్ మీద గుర్తు పెట్టుకోండి, ప్రతిదానికీ ముందు బండి తిప్పగలిగే జాగా ఎక్కడుందో కూడా.

మరో సభ్యుడు: మంచు కన్నా బురదే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. అందరూ కలిసి తయారుచేసే ఉచిత మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మట్టిదారులకి గ్రేడ్ 1 నుంచి 5 దాకా గుర్తులుంటాయి. అది కష్టానికి కొలత కాదు, నేల ఎంత గట్టిదో చెప్పేది. 1 గట్టిది, 5 మెత్తటిది. ఈ సీజన్‌లో 4, 5 వదిలేయండి. రాత్రి గడ్డకట్టిన నేల పొద్దున్న సిమెంటులా ఉంటుంది, మధ్యాహ్నానికి అదే దారి జావ అవుతుంది. వెళ్లేటప్పుడు బాగుంది కదా అని తిరిగి రావడం కూడా అలాగే ఉంటుందనుకోవద్దు.

అడిగినవారు: టైర్లలో గాలి తగ్గిస్తే బురదలో లాగేస్తుంది కదండీ?

మరో సభ్యుడు: చాలాసార్లు లాగేస్తుంది, చిక్కంతా అక్కడే. మీ బండి దాటిపోతుంది, వెనక లోతైన గాడి మిగులుతుంది. అందులో నీళ్లు పారి మట్టి కోసుకుపోతుంది. దారికి గేటు వేసి బళ్లని రానివ్వకుండా చేయించేవి ఇలాంటి గాడులే. చక్రం కింద గాడి పడటం మొదలైతే అక్కడే ఆగి వెనక్కి రావాలి. ఇందులో నాకు మొహమాటం లేదు.

వాగుల సంగతి కూడా చూసుకోండి. ఎండకి కరిగిన నీరు కిందికి చేరేసరికి సాయంత్రం అవుతుంది. పొద్దున్న మోకాలి కింద ఉన్న వాగు సాయంత్రానికి పెరుగుతుంది. వాగు దాటాల్సిన దారి అయితే మధ్యాహ్నానికల్లా ఇవతలికి వచ్చేయండి, లేదా వాగు లేని దారి ఎంచుకోండి.

అడిగినవారు: ఇన్ని తీసేస్తే చూడ్డానికి ఏం మిగులుతుంది?

జవాబు: అసలైనవే మిగులుతాయి. మంచు శిఖరం ఎదురుగా ఉన్న తక్కువ ఎత్తు కొండగట్టు మీది నుంచే బాగా కనిపిస్తుంది, శిఖరం ఎక్కితే అది కనిపించదు. గట్టు మీద నీళ్లు నిలవవు, నేల తొందరగా ఆరుతుంది. పూలు కూడా మంచు వెనక్కి తగ్గుతున్నకొద్దీ కింది నుంచి పైకి పూస్తూ పోతాయి కాబట్టి, మంచుకి కొంచెం కిందే వెతకండి. శిఖరం మీకు పడమరగా ఉంటే పొద్దున్నే చేరుకోండి, ఎండ నేరుగా దాని మీద పడుతుంది. తూర్పున ఉంటే సాయంత్రం బాగుంటుంది కానీ, అప్పటికి దారి మెత్తబడుతుంది. అందుకే నేనైతే పడమర శిఖరాలనే చూస్తాను.

అడిగినవారు: యాప్‌లో ‘తెరిచి ఉంది’ అని చూపిస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. ఆ భూమి ఏ శాఖ కింద ఉందో వాళ్లనే అడగండి. బయలుదేరే ముందు రోజు ఇంకోసారి అడగండి, ఒక్క వానకే గేటు వేసేస్తారు. సిగ్నల్ ఉండదు కాబట్టి మ్యాప్ ఫోన్‌లో దింపుకోండి. వీలైతే రెండో బండి తోడుండాలి.